కూలి మస్టర్ చదివాం, కాంట్రాక్టు ఫైలు చదవలేదు

ఉపాధి హామీ పథకం వచ్చిన కొత్తలో మా మండలంలో సామాజిక తనిఖీ జరిగితే చూడ్డానికి వెళ్లాను. మాది ఖమ్మం జిల్లా. స్కూలు ఆవరణలో షామియానా వేశారు. టేబుల్ మీద మస్టర్ల (కూలీల హాజరు పట్టీల) జిరాక్సు కాపీలు కట్టలు కట్టి పెట్టారు. ఒక కుర్రాడు మైకు పట్టుకుని వరసగా చదువుతున్నాడు: పేరు, ఎన్ని రోజులు పని, చేతికి ఎంత డబ్బు. ఒక పేరు చదవగానే వెనక వరసలోంచి ఓ పెద్దావిడ లేచింది. "అయ్యా, నేను పోయింది ఆరు రోజులు. పన్నెండు రోజులని ఎవరు రాశారు?" అని అడిగింది. షామియానా కింద ఒక్కసారిగా నిశ్శబ్దం. ఫీల్డ్ అసిస్టెంట్ ముఖం పాలిపోయింది. మిగిలిన ఆరు రోజుల డబ్బు ఎటు పోయిందో ఆ సాయంత్రం అందరి ముందూ తేల్చారు.

ఆ దృశ్యం నన్ను ఇన్నేళ్లుగా వదల్లేదు. ఉపాధి హామీ పథకం దేశంలో మొదలైందే అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో, అనంతపురం జిల్లా బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న. సామాజిక తనిఖీని సీరియస్‌గా తీసుకుని రాష్ట్రమంతా నడిపింది కూడా మనవాళ్లే. పని చేయించే శాఖ తన లెక్కను తానే చూసుకుంటే లాభం లేదని 2009లో దాని కోసం వేరే సొసైటీ పెట్టారు. ఎక్కడెక్కడినుంచో అధికారులు వచ్చి ఇక్కడ ఎలా చేస్తున్నారో నేర్చుకుని వెళ్లారు. అంటే ప్రజల డబ్బును బయటివాళ్లతో, ప్రజల ముందు తనిఖీ చేయించడం మనకు చేతకాని పని కాదు. చేసి చూపించాం.

నా బాధల్లా ఒక్కటే. రోజుకు వందో రెండొందలో తెచ్చుకునే కూలి మనిషి మస్టర్‌ను ఊరి నడిబొడ్డున మైకులో చదివి వినిపించాం. అదే ఊరి పక్కనుంచి పోయే వందల కోట్ల కాలువ పని ఫైలును ఎక్కడా, ఎవరి ముందూ చదవలేదు. ఎస్టిమేట్ ఎంత, ఎవరికి ఇచ్చారు, ఎస్టిమేట్ కన్నా ఎంత తక్కువకు ఇచ్చారు, మధ్యలో డిజైన్ ఎందుకు మారింది, ఎంత పెరిగింది అని అడిగే మైకు ఆ పనికి లేదు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది అంతా ఈ తేడా గురించే. పెద్ద కాంట్రాక్టులను బయటినుంచి తనిఖీ చేసే స్వతంత్ర సంస్థ ఒకటి కావాలన్నదే నా మాట.

డిగ్రీ అయ్యాక మూడేళ్లు ఒక కాంట్రాక్టర్ ఆఫీసులో లెక్కలు రాశాను. అప్పటికి టెండర్లంటే పెట్టె. ఎస్ఈ (సూపరింటెండింగ్ ఇంజినీరు) ఆఫీసు వరండాలో తాళం వేసిన ఇనుప పెట్టె ఉండేది, సీలు వేసిన కవరు అందులో వేయాలి. ఆ పెట్టె దగ్గరికి వెళ్లడమే పెద్ద పని. టెండర్ షెడ్యూలు (పని వివరాలు, షరతులు ఉన్న పత్రం) కొన్నది ఎవరెవరో ముందే తెలిసిపోయేది. లాడ్జి గదిలో అందరూ కూర్చుని ఈ పని నీకు, ఆ పని నాకు అని పంచుకునేవాళ్లు. దాన్ని రింగ్ అంటారు. రింగ్‌లో కలవనివాడు కవరు వేయడానికి వస్తే గేటు దగ్గరే ఆపేసేవాళ్లు. మా ఓనరు కొన్నిసార్లు రింగ్‌లో ఉన్నాడు, కొన్నిసార్లు బయట ఉన్నాడు. రెండు రకాల రోజుల లెక్కలూ నేనే రాశాను.

2003లో ఈ-ప్రొక్యూర్‌మెంట్, అంటే ఆన్‌లైన్‌లో టెండర్లు, వచ్చింది. దేశంలో ఆ బాట పట్టిన మొదటి రాష్ట్రాల్లో మనది ఒకటి. అది నిజంగా మంచి పని, ఎవరు చేసినా మెచ్చుకోవాలి. ఎవరు షెడ్యూలు తీసుకున్నారో ముందుగా తెలియదు, గేటు దగ్గర కాపు కాయడానికి గేటే లేదు. ఇంట్లో కూర్చుని బిడ్ వేయొచ్చు. మా ఆఫీసులో ఆ ఏడాది టెన్షన్ చూడాలి! అలవాటైన దారులన్నీ ఒక్కసారిగా మూసుకుపోయాయి.

కానీ కొద్దికాలానికే దారి మారింది. పెట్టె దగ్గర జరిగేది షెడ్యూలు రాసే టేబుల్ దగ్గరికి వెళ్లింది. అర్హతల పేజీలో ఒక లైను ఉంటుంది: గత ఐదేళ్లలో ఇలాంటి పని ఇంత విలువకు ఒకే అగ్రిమెంట్ కింద చేసి ఉండాలి అని. ఆ "ఇంత" దగ్గర అంకె కాస్త పెంచితే చాలు, పన్నెండు మంది పోటీదారుల్లో ఎనిమిది మంది రాలిపోతారు. "ఒకే అగ్రిమెంట్ కింద" అనే మూడు మాటలు చేరిస్తే ఇంకొకరు పోతారు. సొంత బ్యాచింగ్ ప్లాంటు (కాంక్రీటు కలిపే ప్లాంటు) పని జాగాకు ఇన్ని కిలోమీటర్ల లోపు ఉండాలంటే మిగిలేది ఇద్దరు. ఆ ఇద్దరూ మాట్లాడుకోవడానికి లాడ్జి గది కూడా అక్కర్లేదు, ఫోన్ చాలు. బిడ్లు కంప్యూటర్‌లోనే తెరుచుకుంటాయి. అంతా పద్ధతి ప్రకారమే జరిగినట్టు కనిపిస్తుంది. కంప్యూటర్‌కు అంకెలు తెలుస్తాయి, ఆ షరతు ఎందుకు పెట్టారో తెలియదు. దాన్ని అడగడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషి పని ఇచ్చే శాఖ మనిషి కాకూడదు, పని తీసుకునేవాడి మనిషి అంతకన్నా కాకూడదు.

ఈ అవసరాన్ని ఆంధ్రప్రదేశ్ ఒకసారి చట్టంగా ఒప్పుకుంది. 2019లో జ్యుడీషియల్ ప్రివ్యూ చట్టం తెచ్చారు. 100 కోట్లు, ఆపైన విలువ చేసే మౌలిక వసతుల పనుల టెండర్ పత్రాలను, నోటిఫికేషన్ ఇవ్వకముందే, హైకోర్టు న్యాయమూర్తి స్థాయి వ్యక్తికి పంపాలి. ఆ పత్రాలను వారం రోజులు జనం ముందు పెట్టాలి. ఎవరైనా చదివి అభ్యంతరం చెప్పొచ్చు. న్యాయమూర్తి చెప్పిన మార్పులు చేశాకే టెండర్ పిలవాలి. జస్టిస్ బి. శివశంకరరావును ఆ పదవిలో నియమించారు. నేను సరిగ్గా ఏ లైన్ల గురించి చెప్పానో, ఆ లైన్లను బయటి మనిషి చదివే ఏర్పాటు అది.

2024లో ప్రభుత్వం మారింది, చట్టాన్ని రద్దు చేశారు. దాంతోపాటే వచ్చిన రివర్స్ టెండరింగ్ కూడా అదే ఏడాది పోయింది. రివర్స్ టెండరింగ్ పోయినందుకు నాకు పెద్దగా బాధ లేదు. బిడ్లు తెరిచాక మళ్లీ వేలం పెట్టి ధర తగ్గించడం వల్ల కాగితం మీద అంకె తగ్గుతుంది. ఆ తగ్గిన డబ్బు ఇసుకలోనో, సిమెంటులోనో మిగుల్చుకుంటే చూసేవాడు ఎవరన్న ప్రశ్న అలాగే ఉంటుంది. ప్రివ్యూ మాట వేరు. దానికి లోపాలున్నాయి, అవి తర్వాత చెబుతాను. లోపం ఉంటే దిద్దాలి. తలుపు సరిగ్గా పడటం లేదని తలుపే పీకేస్తే ఇల్లు భద్రమవుతుందా? ఒక పార్టీ తెచ్చింది కాబట్టి ఇంకో పార్టీ తీసేయాలన్న లెక్కలో నలిగిపోయింది మనం. నేను ఆ రెండు పార్టీల్లో ఎవరి తరఫునా ఇది రాయడం లేదు. తెచ్చినవాళ్లు కూడా దాన్ని మూడునాలుగు ప్రభుత్వాలు నిలబడేలా కట్టలేదు.

ఇప్పుడు గోదావరికి ఇటువైపు వస్తాను. 2023 అక్టోబరు 21 సాయంత్రం కాళేశ్వరం ప్రాజెక్టులోని మేడిగడ్డ బ్యారేజీలో ఏడో బ్లాకు కుంగింది. అది ప్రారంభమై అప్పటికి నాలుగేళ్లు దాటింది, అంతే. వంతెన మీద రోడ్డు వంగిన ఫోటో ఆ రాత్రి మా ఇంట్లో అందరి ఫోన్లలోకీ వచ్చింది. మా నాన్న ఆ ఫోటోను చాలాసేపు పెద్దది చేసి చూస్తూ కూర్చున్నాడు. మా నాన్నది చెరువు కింద వ్యవసాయం. కాళేశ్వరం నీళ్ల మీద ఆయన పెట్టుకున్న ఆశ నాకు తెలుసు.

జాతీయ డ్యామ్ భద్రతా సంస్థ వచ్చి చూసి ప్లానింగ్, డిజైన్, క్వాలిటీ కంట్రోల్, నిర్వహణ అన్నిటిలోనూ లోపాలున్నాయని చెప్పింది. 2024 ఫిబ్రవరిలో కాగ్ (ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే రాజ్యాంగ సంస్థ) నివేదిక అసెంబ్లీ ముందుకు వచ్చింది. 81,911 కోట్లని చెప్పిన ప్రాజెక్టు ఖర్చు 1,47,427 కోట్లు దాటొచ్చని అందులో ఉంది. సమగ్ర ప్రాజెక్టు నివేదికకు ఆమోదం రాకముందే 25,000 కోట్లకు పైగా విలువ చేసే 17 పనులు అప్పగించేశారని కూడా ఉంది. పెట్టే ప్రతి రూపాయికీ రూపాయిన్నర ప్రయోజనమని మొదట చూపించారు, కాగ్ మళ్లీ లెక్క కడితే అది 52 పైసలకు పడిపోయే ప్రమాదం ఉందని తేలింది. 2024 మార్చిలో జస్టిస్ పినాకి చంద్ర ఘోష్ కమిషన్ వేశారు, 2025 జులై 31న నివేదిక ఇచ్చింది. ఆ తర్వాత అసెంబ్లీలో చర్చ, సీబీఐ మాట, కోర్టుల్లో కేసులు. ఎవరిది ఎంత తప్పో తేల్చడం ఆ సంస్థల పని, నా పని కాదు.

నేను అడిగేది వేరే. కాగ్ 2024లో చెప్పిన లెక్క 2016లో ఎవరైనా కట్టి ఉంటే? ప్రయోజనం తక్కువ, ఖర్చు ఎక్కువ అని చెప్పడానికి బ్యారేజీ కుంగాల్సిన అవసరం లేదు. ఆ అంకెలన్నీ అప్పటికే ఫైళ్లలో ఉన్నాయి. వాటిని చదివి, "ఆగండి, ఇది సరిచూశాక సంతకం పెట్టండి" అని చెప్పే అధికారం ఉన్న బయటి మనిషి లేడు. కాగ్ వచ్చేసరికి డబ్బు ఖర్చయిపోతుంది. కమిషన్ వచ్చేసరికి కాంక్రీటు పగిలిపోతుంది. శవపరీక్ష ఎంత బాగా చేసినా చనిపోయినవాడు లేవడు.

ఇది కొత్త జబ్బు కూడా కాదు. జలయజ్ఞం రోజుల్లో ఈపీసీ పద్ధతి వచ్చింది. సర్వే, డిజైన్, కట్టడం అన్నీ కాంట్రాక్టర్‌వే. భూసేకరణ కాకుండా, అటవీ అనుమతులు రాకుండా పనులు అప్పగించారని కాగ్ 2012లోనే రాసింది. పదేళ్ల తర్వాత దాదాపు అవే వాక్యాలు మళ్లీ చదివాం.

పోలవరం చూడండి. డయాఫ్రమ్ వాల్ (డ్యామ్ కింద నీళ్లు ఊరకుండా భూమిలో కట్టే గోడ) దెబ్బతింది, కొత్తది కట్టే పని 2025 జనవరిలో మొదలైంది. పాతది ఎందుకు పాడైందంటే, కాఫర్ డ్యామ్ (నదిని మళ్లించే తాత్కాలిక కట్ట) పూర్తికాకుండా గోడ కట్టారని ఒకరంటారు, కాంట్రాక్టర్‌ను మధ్యలో మార్చడం వల్ల పని ఆగి వరదకు పోయిందని ఇంకొకరంటారు. అమెరికా, కెనడాల నుంచి నిపుణులను పిలిపించుకోవాల్సి వచ్చింది. ఏ తేదీన ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నారో రోజువారీగా రాసిపెట్టి, అందరూ నమ్మే తటస్థ రికార్డు ఒకటి ఉండి ఉంటే ఈ గొడవలో సగం ఉండేది కాదు. మనకు ఉన్నది పార్టీల రికార్డు. మా ఊరి టీ కొట్టు దగ్గర పోలవరం గురించి వాదన మొదలైతే ఎవరు ఏ పార్టీయో ముందు తెలుస్తుంది, ఆ తర్వాతే ఏ కారణమో తెలుస్తుంది.

ఈ మాట ఎత్తగానే నాకు ఎదురయ్యే ప్రశ్న, "ఇప్పటికే ఏసీబీ ఉంది, విజిలెన్స్ ఉంది, కోర్టులున్నాయి, ఇంకొకటి ఎందుకు?" అని. విజిలెన్స్, ఏసీబీ రెండూ ప్రభుత్వం కిందే పనిచేస్తాయి. అధికారి తీసుకున్న నిర్ణయం మీద విచారణ మొదలుపెట్టాలంటే ముందు ప్రభుత్వ అనుమతి కావాలని 2018లో అవినీతి నిరోధక చట్టంలో 17ఎ సెక్షన్ చేర్చారు. కోర్టు విషయానికొస్తే, టెండర్ నిర్ణయం మీద తాము అప్పీలు కోర్టులా కూర్చోమని, నిర్ణయం జరిగిన తీరునే చూస్తామని సుప్రీంకోర్టు 1994లో టాటా సెల్యులార్ కేసులో చెప్పింది. అది సబబే. బ్యాచింగ్ ప్లాంటు ఎంత దూరంలో ఉండాలో జడ్జి గారు ఎలా చెబుతారు? పైగా కోర్టుకు వెళ్లేది ఎక్కువగా ఓడిపోయిన కాంట్రాక్టరు. ఆయన గొడవ తన పని పోయిందని. రోడ్డు మీద నడిచే మనిషి తరఫున వెళ్లేవాడు అరుదు.

దేశానికంతటికీ ప్రభుత్వ కొనుగోళ్ల చట్టం తేవాలని 2012లో లోక్‌సభలో బిల్లు పెట్టారు, 2014లో సభతో పాటే అది మురిగిపోయింది. తమిళనాడుకు 1998 నుంచి, కర్ణాటకకు 1999 నుంచి టెండర్ల పారదర్శకతకు సొంత చట్టాలున్నాయి. మన రెండు రాష్ట్రాలూ పనుల విషయంలో ఎక్కువగా జీవోలతో, పాత కోడ్‌లతో బండి లాగుతున్నాయి. జీవోను ఇంకో జీవో కొట్టేస్తుంది, దానికి అసెంబ్లీ కూడా అక్కర్లేదు.

ఇంకొక మాట తరచూ వింటాను: తనిఖీ పెడితే పనులు ఆలస్యమవుతాయని. కాంట్రాక్టర్ ఆఫీసులో పనిచేసినవాడిగా చెబుతున్నాను, మా పనులు ఆలస్యమైంది తనిఖీ వల్ల కాదు. భూమి చేతికి ఇవ్వకపోవడం వల్ల, డ్రాయింగులు రాకపోవడం వల్ల, అన్నిటికన్నా ఎక్కువగా బిల్లులు రాకపోవడం వల్ల. మార్చి నెలంతా మా ఓనరు హైదరాబాద్‌లో సచివాలయం చుట్టూ తిరిగేవాడు. ఏ బిల్లు ఎప్పుడు పాసవుతుందో, ఎవరిది ముందు, ఎవరిది వెనక అన్నదానికి ఒక వరస ఉండేది కాదు. స్వతంత్ర సంస్థ ఉంటే దాని మొదటి మేలు నిజాయతీగా పనిచేసే చిన్న కాంట్రాక్టర్‌కే. బిల్లుల వరసను కూడా అది బయట పెట్టాలి. ఎవరినీ పట్టుకోకుండా బిల్లు వస్తుందన్న నమ్మకం ఉంటే, ఆ పట్టుకోవడానికి అయ్యే ఖర్చును ఎవరూ కాంక్రీటులో తగ్గించుకోరు.

ప్రివ్యూ చట్టంలో లోపాల సంగతి చెబుతానన్నాను. అది టెండర్ పిలిచేదాకానే చూసింది. అసలు కథ అగ్రిమెంట్ అయ్యాకే మొదలవుతుంది. అదనపు పని అంటారు, డిజైన్ మార్పు అంటారు, గడువు పొడిగింపు అంటారు, వంద కోట్ల పని నూట అరవై అవుతుంది. పని ముక్కలు చేసి పరిమితికి కింద ఉంచడానికీ వీలుంటుంది. ఒక న్యాయమూర్తి ఒక్కరే చట్టం చూడగలరు గానీ, ర్యాఫ్ట్ (బ్యారేజీ పునాది పలక) కింద ఇసుక ఎలా కదులుతుందో చూడాలంటే ఇంజినీరు కావాలి, రేట్లు చూడాలంటే లెక్కల మనిషి కావాలి. కాబట్టి నేను చెప్పే స్వతంత్ర సంస్థలో ముగ్గురూ ఉండాలి. ఎంపికలో ముఖ్యమంత్రితో పాటు ప్రతిపక్ష నాయకుడు, హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఉండాలి. జీతాలకు, ఆఫీసుకు డబ్బు అసెంబ్లీ నేరుగా ఇవ్వాలి, పనులు చేయించే శాఖ దగ్గర చేయి చాచే పరిస్థితి ఉండకూడదు. కేంద్ర ప్రభుత్వ సంస్థల్లో ఇంటెగ్రిటీ ప్యాక్ట్ (లంచాలు ఇవ్వం, తీసుకోం అని రెండు పక్షాలూ రాసుకునే ఒప్పందం) అనే ఏర్పాటు ఉంది. ఓఎన్‌జీసీ 2006లో మొదలుపెట్టింది, పెద్ద కాంట్రాక్టులకు బయటి పర్యవేక్షకులు ఉంటారు. మంచిదే, కానీ వాళ్లు చెప్పింది సలహాగానే మిగిలిపోతుంది. నేను కోరేది అంతకన్నా గట్టిది. షెడ్యూలు రాసే రోజు నుంచి చివరి బిల్లు, ఆ తర్వాత డిఫెక్ట్ లయబిలిటీ గడువు (లోపాలను కాంట్రాక్టరే సరిచేయాల్సిన కాలం) ముగిసేదాకా ఆ సంస్థ కళ్లు తెరిచే ఉండాలి. పెద్ద మొత్తంలో అదనపు పని వస్తే దాని అనుమతి లేకుండా బిల్లు కదలకూడదు.

స్లొవేకియా అని యూరప్‌లో చిన్న దేశం. 2011 నుంచి అక్కడ ప్రభుత్వ కాంట్రాక్టును ఇంటర్నెట్‌లో పెడితేగాని అది అమల్లోకి రాదు. సంతకాలు పెట్టినా సరే, జనం చూడని ఒప్పందం చెల్లదు. ఇంత సూటి నియమం మన దగ్గర ఎందుకు ఉండకూడదు? మన ఈ-ప్రొక్యూర్‌మెంట్‌లో టెండర్ నోటీసు కనిపిస్తుంది. అసలు అగ్రిమెంట్, ఎం-బుక్ (పని కొలతలు రాసే పుస్తకం) పేజీలు, మార్పులకు ఇచ్చిన మంజూరులు చూడాలంటే ఆర్టీఐ దరఖాస్తు పట్టుకుని తిరగాలి. జనానికి తెరిచి ఉండాల్సిన గుమ్మానికి ఎందుకు అంత కాపలా!

ఆ తిరుగుడు ఎలా ఉంటుందో నాకు తెలుసు. రెండేళ్ల కిందట మా వీధిలో సీసీ రోడ్డు వేశారు. ఆరు నెలలకే అంచులు పెళ్లలు పెళ్లలుగా లేచిపోయాయి. సమాచార హక్కు చట్టం 2005 అనగానే అందరికీ కాగితాలే గుర్తొస్తాయి. కానీ అందులో సెక్షన్ 2(జె) కింద పనిని స్వయంగా తనిఖీ చేయొచ్చు, వాడిన మెటీరియల్ నమూనాలు ధ్రువీకరించి ఇమ్మని అడగొచ్చు. అది అడిగాను. మొదట కుదరదన్నారు. అప్పీలు వేశాను. నాలుగు నెలల తర్వాత ఒక రోజు ఉదయం ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారు కోర్ కటింగ్ మెషిన్ ఉన్న ట్రాలీతో వచ్చారు. వీధి వీధంతా బయటికి వచ్చింది. డ్రిల్లు నీళ్లు చిమ్ముతూ కిందికి దిగింది, గుండ్రటి ముక్క బయటికి తీశారు. ఎస్టిమేట్‌లో మందం 15 సెంటీమీటర్లు. టేపు పెట్టి చూస్తే 11. వంద మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు రోడ్డులో నాలుగు సెంటీమీటర్లు తగ్గితే పన్నెండు క్యూబిక్ మీటర్ల కాంక్రీటు తగ్గినట్టు. ఎం-బుక్‌లో మాత్రం 15 అనే రాసి, చెక్ మెజర్‌మెంట్ (మళ్లీ కొలిచి సరిచూసినట్టు) సంతకం కూడా పడి ఉంది.

ఏఈ గారిది చిన్న వయసు. ఆ ముక్కను చేతిలో పట్టుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ సంతకం ఆయనది కాదు, ఆయన కంటే ముందున్నవాళ్లది. తర్వాత నన్ను పక్కకు పిలిచి, "సార్, ఇలా అడిగేవాళ్లు ముందే ఉంటే మాకూ కాదనడానికి బలం ఉంటుంది" అన్నారు. ఆ మాటలో నాకు నిజాయతీ కనిపించింది. పైనుంచి ఫోన్ వస్తే ఒంటరిగా నిలబడటం ఎంత కష్టమో కాంట్రాక్టర్ ఆఫీసులో ఉన్నప్పుడు ఫోన్‌కు ఇటువైపు నుంచి చూశాను. చట్టం తోడుంటే ఆయనలాంటివాళ్లు చాలామంది నిలబడతారు.

మొన్న వేసవిలో పక్క వీధికి రోడ్డు మంజూరైంది. కాంక్రీటు పోయడానికి ముందు రోజే డ్వాక్రా సంఘం ఆడవాళ్లు నలుగురు పంచాయతీ ఆఫీసుకు వెళ్లి ఎస్టిమేట్ కాపీ తెచ్చుకున్నారు. తెల్లారి షట్టరింగ్ రేకుల ఎత్తు టేపుతో కొలిచారు. రెండు చోట్ల తక్కువ వచ్చింది. మిక్సర్ ఆపించి, రేకులు మార్చేదాకా అక్కడే స్కూలు అరుగు మీద కూర్చున్నారు. పదకొండు గంటలకు పని మళ్లీ మొదలైంది.